ఆమ్లానికి జడిసి, లేపనాన్ని నమ్మి



ఎప్పుడూ పద్యాలూ ప్రబంధాలూ అంటూ విసిగించే ఈ పెద్దమనిషి ఈ మారు మొటిమల మందు గురించి వ్రాస్తున్నాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలచేత సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించి, గురులఘువులు లెక్కబెట్టించి, ఉద్యోగ విరమణ చేసి కోయిలకుంట్లలో కూర్చున్నవాడికి ముఖవర్చస్సుతో పనేమిటని అడగవచ్చు కూడా. పని ఉన్నది. ఎందుకంటే నేను చెప్పబోయేది చర్మం సంగతి కంటె ముందు మాట సంగతి. ఒక మాటకు జడిసి, మరొక మాటను నమ్మి, ఇంటి పిల్లకు నేనే కీడు చేశాను. మాటల అర్థాలు చెప్పి జీతం తిన్నవాణ్ణి గనుక ఆ తప్పు నాకు మరింత బరువుగా తోస్తున్నది.

పోయిన కార్తీకమాసంలో ఒకనాటి సాయంత్రం మా మనవరాలి బల్లమీద ఒక చిన్న గాజుసీసా కనబడింది. మూతకే రబ్బరు తిత్తి, లోపల సన్నని గొట్టం, చుక్కలు చుక్కలుగా వేసుకునే ఏర్పాటు. కళ్లజోడు సవరించుకుని చదివితే ఆంగ్లంలో 'మాండెలిక్ యాసిడ్, 10 శాతం' అని ఉన్నది. యాసిడ్! నా గుండె జల్లుమన్నది. మారు మాట్లాడకుండా ఆ సీసాను తీసుకెళ్లి పుస్తకాల బీరువాలో శబ్దరత్నాకరం వెనుక దాచాను.

నా భయానికి కారణం లేకపోలేదు. మన తెలుగునేలలో యాసిడ్ అనే మాటకు అంటుకున్న నెత్తురు ఇంకా ఆరలేదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై జరిగిన దాడి వార్త చదివిన రోజున పాఠశాలలో ఉపాధ్యాయులమెవ్వరమూ సరిగా పాఠం చెప్పలేకపోయాము. అట్టి దాడులు దేశమంతటా జరుగుతున్నందువల్లనే 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలపై కట్టుబాట్లు విధించింది. యాసిడ్ అంటే మరుగుదొడ్లు కడిగేది, బ్యాటరీలలో పోసేది, ముఖాలను కాల్చేది. ఆడపిల్ల చేతిలో ఆ పేరు గల సీసా చూచి ఏ తాత ఊరకుంటాడు?

రాత్రి అన్నాలయ్యాక పిల్ల వెదుక్కుంటూ వచ్చింది. సంగతి తెలిసి కోపగించుకోలేదు. నా ఎదుట కూర్చుని నెమ్మదిగా ఒకే ప్రశ్న అడిగింది.

"తాతా, ఆ క్రీము తెచ్చిననాడు అట్ట చదివినావా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆ క్రీము కథ చెప్పాలి. అంతకు ముందటి యేడాది దసరా దినాలవి. మా పెద్దమ్మాయి కూతురు ఇంటర్మీడియటు మా ఇంట ఉండి చదువుకుంటున్నది. ఆ వయసుకు సహజంగా ముఖమంతా జిడ్డు, నుదుటా చెంపలా మొటిమలు. పిల్ల అద్దం ముందు నిలబడి కంట తడిపెట్టుకుంటే చూడలేకపోయాను. మందుల అంగడికి వెళ్లి, "పిల్ల ముఖానికి మొటిమలు, ఏదైనా మంచి క్రీము ఇవ్వు నాయనా" అన్నాను. చీటీ అడగలేదు, వయసు అడగలేదు, ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. క్రీము అంటే మీగడ. మీగడ వల్ల ఎవరికి కీడు? మొదట ముఖానికి పూసి చూపించినది కూడా నేనే.

వారం తిరగకముందే మొటిమలు అణగిపోయినాయి. ముఖం తెల్లబడింది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ "పాప ఎంత తెల్లగయిందే!" అని మెచ్చుకున్నారు. "ఏం పూస్తున్నారు సార్?" అని అడిగితే నేను గర్వంగా ఆ ట్యూబు పేరు చెప్పాను కూడా. ఇప్పుడు తలచుకుంటే ఆ గర్వమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. నా మాట విని ఎవరెవరు ఆ ట్యూబు కొన్నారో!

శివరాత్రి నాటికి కథ తిరగబడింది. పిల్ల ఎండలోకి వెళితే ముఖం మంట. చెంపల మీద ఎర్రని సన్ననరాలు గీతలు గీచినట్లు పైకి తేలినాయి. దవడల వెంట నూగు దట్టమయింది. క్రీము ఒక్కరోజు మానితే చాలు, మునుపటికంటె ఎక్కువగా చీముగుల్లలు లేచేవి. మళ్లీ పూస్తే అణగేవి. కర్నూలుకు తీసుకెళితే చర్మవైద్యురాలు ట్యూబు వెనుక అక్షరాలను వేలితో చూపించి, "ఇది ఘాటైన స్టెరాయిడ్. ముఖానికి, అందులోనూ మొటిమలకు వాడగూడనిది" అన్నది. ఆ మాట ట్యూబు మీద ఉండనే ఉన్నది. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదనే హెచ్చరికా ఉన్నది. చీమతలకాయంత ఆంగ్లాక్షరాలలో ఉన్నది. నాకు ఆంగ్లం చదవడం వచ్చు. వచ్చీ చదవలేదు.

తరువాత తెలిసికొన్నాను, ఇది మా ఇంటి కథ మాత్రమే కాదట. స్టెరాయిడ్ లేపనం వాపును అణచుతుంది, చర్మంలోని సన్ననరాలను కుంచింపజేస్తుంది. అందుచేత మొదట ఎరుపు తగ్గి, ముఖం పాలిపోయి తెల్లగా కనబడుతుంది. గజ్జి, తామర అంటూ వేరువేరు జబ్బులకు ప్రజలు ఒకే ట్యూబు కొనుక్కోవడం, తెల్లదనానికి కూడా అదే పూసుకోవడం దేశమంతటా ఎంత ముదిరిందంటే, మన చర్మవైద్యుల జాతీయ సంఘమే దీనిపై పోరాటానికి దిగవలసివచ్చింది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేకుండా అమ్మరాని మందుల జాబితాలోకి ఎక్కించింది. చట్టం వచ్చింది గాని, అంగట్లో చేయి చాచినవాడికి ట్యూబు దొరకడం మానలేదు. అందుకు నేనే సాక్షిని.

ముఖం నెమ్మదించడానికి ఆరేడు నెలలు పట్టింది. ఆ తరువాత మొటిమలూ, అవి మిగిల్చిపోయిన నల్లమచ్చలూ అలాగే ఉంటే, వాటికోసం వైద్యురాలు వ్రాసి ఇచ్చినదే ఈ సీసా. నేను నిఘంటువు వెనుక దాచినది దానినే.

మరుసటి వారం పిల్లతోపాటు నేనూ కర్నూలు వెళ్లాను. ఆ తల్లి ఓపికగా చెప్పిన దానిని, ఆ పిమ్మట నేను చదివి తెలుసుకున్న దానిని నా భాషలో చెబుతాను.

చర్మంలోని సన్నని రంధ్రాలను మనం రోమకూపాలంటాము. కూపమంటే బావి. ఎంత చక్కని మాట! ఆ బావి అడుగున చమురు ఊరుతుంది. యౌవనంలో ఆ ఊట ఎక్కువ. బావి గోడల నుండి చచ్చిన కణాలు రాలి, చమురుతో కలిసి అడుసై, బావి పూడిపోతుంది. పూడిన బావిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాపు వస్తుంది, చీము పడుతుంది. అదే మొటిమ. మన ప్రాచీనులకూ ఈ బాధ తెలుసు. సుశ్రుతుడు దీనిని ముఖదూషిక అన్నాడు. యౌవనంలో ఉన్నవారి ముఖాన పుట్టే ఈ పొక్కులను బూరుగు చెట్టు ముళ్లతో పోల్చాడు. బూరుగు మాను బోదెను చూచినవారికి ఆ పోలిక ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

రాయలసీమవాడికి పూడిన బావిని ఏం చేయాలో ఒకరు చెప్పనక్కరలేదు. పూడిక తీయాలి. ఈ ఆమ్లం చేసే పని అదే. చర్మపు పైపొరలో చచ్చిన కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాలను అది వదులుచేస్తుంది. వదులైన కణాలు వాటంతటవే రాలిపోతాయి. మరి నేను తెచ్చిన క్రీము చేసినదేమిటి? పూడిన బావిమీద తెల్లని గుడ్డ కప్పింది.

పూడిక తీసే ఆమ్లాలలోనూ తీరులున్నాయట. చెరకురసంలో ఉండే గ్లైకోలిక్ ఆమ్లం వీటిలో అన్నిటికంటె చిన్న అణువు, దాని అణుభారం 76. అందుచేత చర్మంలోకి వడిగా దూసుకుపోతుంది. మృదుచర్మానికి మంట పుట్టిస్తుంది. మాండెలిక్ ఆమ్లం అణుభారం 152, సరిగా రెండింతలు. ఇరుకు సందులో సైకిలు పోయినట్లు పోలేదు, ఎద్దులబండి పోయినట్లు మెల్లగా పోతుంది. నిదానంగా పనిచేస్తుంది, తక్కువ చురుక్కుమంటుంది. మనబోటి చామనచాయ చర్మాలకు ఈ నిదానం చాలా అవసరమట. ఎందుకంటే ఘాటైనది పూసి చర్మం కమిలిందా, మొటిమ పోయినా దాని చోట నల్లమచ్చ కూర్చుంటుంది. ఢిల్లీ వైద్యులు కొందరు 44 మంది రోగులపై పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాలలో, గ్లైకోలిక్ ఆమ్లపు పూత, సాలిసిలిక్ మాండెలిక్ ఆమ్లాలు కలిపిన పూత రెండూ మేలు చేసినా, మొటిమలకూ మచ్చలకూ రెండవదే ఎక్కువ అనువుగా తేలింది. అది ఆసుపత్రిలో వైద్యులు వేసే పూత. సీసాలోని 10 శాతం దానికంటె తేలిక.

ఇది మహిమగల మందేమీ కాదని కూడా ఆమె గట్టిగా చెప్పింది. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి. కడిగి తుడిచి ఆరిన ముఖానికి రెండు మూడు చుక్కలు. ఆ పైన తేమనిచ్చే లేపనం. పగలు ఎండతాకిడి తగలకుండా సన్‌స్క్రీన్ తప్పనిసరి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మా కోయిలకుంట్ల ఎండలో అది పూసుకోనివాడు ఈ ఆమ్లం జోలికి పోనేకూడదట. అదే రాత్రి మరొక ఘాటు మందు పూయరాదు. మంటపుడితే ఆపాలి. మార్పు కనబడడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు ఓపికపట్టాలి. లోతుగా గడ్డకట్టి గుంటలు పడే మొటిమలకు ఇది చాలదు, వైద్యుని దగ్గరకే వెళ్లాలి.

ఇక పండితుని పురుగు కుట్టకుండా ఉంటుందా? ఆ పేరేమిటని వెదికాను. 1831లో వింక్లర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు చేదుబాదం గింజల సారం నుండి ఈ ఆమ్లాన్ని తీశాడు. జర్మను భాషలో మాండెల్ అంటే బాదం. అది తెలియగానే నాకు సంతోషం కలిగింది. బాదం, ఆమ్లం కలిపితే బాదామ్లం! ఆమ్లమంటే మాత్రం ఏమిటి? షడ్రుచులలో ఒకటైన పులుపు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం. ఇవన్నీ ఈ మాండెలిక్ ఆమ్లానికి దాయాదులే. మనం రోజూ చారులో పోసుకు తాగేది ఆమ్లాన్నే. సీసామీద బాదామ్లం అనో, బాదం పులుపు అనో ఉంటే నేను దానిని దాచి ఉండేవాణ్ణి కాదు గదా! మంచి తెలుగు మాట పెట్టకపోవడమే తప్పు. ఇక మనమంతా పూనుకుని ఈ మందులన్నిటికీ తెలుగు పేర్లు పెడదామని ఒక టపా వ్రాయడానికి కూర్చున్నాను కూడా.

సగం వ్రాసి ఆపేశాను. నాలో ఒక సందేహం పుట్టింది. బాదం అన్న మాట చూచి నేను నమ్మి ఉండేవాణ్ణన్నది నిజమే. మీగడ అన్న మాట చూచి ముందు నమ్మినట్లే! ఆ చేదుబాదం గింజ విషపుగింజ. అందులోని సారం విడివడితే సయనైడు పుడుతుంది. బాదం అన్న పేరు ఆ గింజకు విరుగుడు కాలేదు. యాసిడ్ అన్న పేరు ఈ సీసాకు దోషమూ కాలేదు. తీయని పేరైనా, పుల్లని పేరైనా పేరు చూచి తీర్పు చెప్పడమే నా రోగం. దానికి మరొక తీయని పేరు మందు కాజాలదు. ఒక పేరుమోసిన ముఖలేపనం 2020లో తన పేరులోనుండి తెల్లదనాన్ని సూచించే మాటను తొలగించింది. పేరు మారింది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు "ఎంత తెల్లగయిందే" అని మురవడం మారిందా?

ఇక్కడ మరొక మాట. పెరుగులో, నిమ్మకాయలో ఆమ్లాలున్నాయన్నాను గదా అని ఇంటి వైద్యానికి దిగేవారుంటారు. మా ఇంట్లోనే నా భార్య, "మా అవ్వ శనగపిండీ పెరుగూ పెట్టేది, ఈ సీసాలెందుకు?" అన్నది. శనగలకు పేరుపడిన సీమ మాది, శనగపిండికి కొదవలేదు. జిడ్డు పోగొట్టుకోవడానికి అది మంచిదే. కాని చీముపట్టిన మొటిమల మీద పిండిపెట్టి గట్టిగా రుద్దితే అవి చితికి మచ్చలు పడతాయి. నిమ్మరసం సంగతి మరీ దారుణం. అందులో పులుపు ఎంత పాళ్లో ఎవరూ కొలవలేదు, పూసుకుని ఎండలోకి పోతే ముఖం బొబ్బలెక్కవచ్చు. మనదైన పాతదీ మంచిదే, పరాయిదైన కొత్తదీ చెడ్డదే అనుకోవడం కూడా పేరు చూచి తీర్పు చెప్పడమే. కొలత తెలిసిన పులుపుకూ తెలియని పులుపుకూ ఉన్న తేడా అది.

కాబట్టి నేను కోరేది పేరు కాదు, వివరం. ఎంత పాళ్లు, ఎన్ని రోజులకు ఒకసారి, ఎవరు వాడవచ్చు, ఎవరు వాడరాదు, ఏం జరిగితే ఆపాలి. ఈ అయిదు సంగతులు చదవగల అక్షరాలలో, చదవగల భాషలో ఉండాలి. పొట్లాలలో అమ్మే సరుకులపై వేయవలసిన వివరాలు హిందీలోగాని ఆంగ్లంలోగాని ఉండాలన్నది 2011 నాటి కేంద్ర నిబంధనల మాట. ఇతర భాషలలో అదనంగా వేసుకోవడానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు గనుక ఎవరూ వేయరు! దూరదర్శినిలో ప్రకటన చక్కని తెలుగులో వస్తుంది. గోడమీద బొమ్మ కింద తెలుగులో ఉంటుంది. కొనమని చెప్పడానికి పనికివచ్చిన తెలుగు, జాగ్రత్త అని చెప్పడానికి పనికిరాలేదా? మన భాషను ప్రాచీనభాషగా గుర్తించారని 2008లో మనమంతా మిఠాయిలు పంచుకున్నాము. నేనూ పంచాను. ఒక తల్లి తన బిడ్డ ముఖానికి పూస్తున్నదేమిటో తన భాషలో చదువుకోలేకపోతే ఆ మిఠాయి నోట్లో చేదెక్కదా?

నాబోటి ఆంగ్లం వచ్చినవాడే చదవలేదు గదా, తెలుగులో ఉంటే మాత్రం చదివేవాడివా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. నా సోమరితనానికి నిబంధనలను నిందించను. కాని మా వీధిలో నాకంటె శ్రద్ధగలవారున్నారు. సంతకం మొదలు దినపత్రిక దాకా తెలుగులోనే చదివే ఆడవాళ్లున్నారు. వాళ్లు చదివేవారు. వాళ్లకు ఆ అవకాశమే లేదు.

సీసాను పిల్లకు తిరిగి ఇచ్చాను. ఇచ్చే ముందు ఒక చిన్న కాగితం ముక్కమీద నల్లసిరాతో ఆ అయిదు సంగతులూ తెలుగులో వ్రాసి దానికి అంటించాను. నల్లబల్లమీద వ్రాసినట్లు గుండ్రంగా వ్రాశాను. పిల్ల చూచి నవ్వింది. ఇప్పుడు ముఖం మెల్లమెల్లగా తేటపడుతున్నది. తెల్లబడడం లేదు, తేటపడుతున్నది. పుట్టుకతో వచ్చిన చామనచాయ తిరిగి వచ్చింది. చెంపల మీది ఎర్రగీతలు మాత్రం పూర్తిగా పోలేదు. కొన్ని అలాగే ఉండిపోవచ్చని వైద్యురాలు చెప్పింది. అవి కనబడినప్పుడల్లా నేను తల దించుకుంటాను.

మొన్న పక్కవీధి ఆమె వచ్చి, "సార్, మా పిల్లకు వచ్చే నెల పెండ్లిచూపులు. పాపకు అప్పుడు మీరు తెచ్చిన క్రీము పేరేమి?" అని అడిగింది. కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. పిల్లను పిలిచి, సిగ్గువిడిచి, ఆ ఎర్రగీతలను చూపించాను. "పెండ్లిచూపులకు నెలే ఉంది గదా సార్" అన్నది ఆమె. ఆ నెలలో ఏం కొన్నదో నాకు తెలియదు.

మీలో వైద్యులున్నారు, రసాయనశాస్త్రం చదివినవారున్నారు. మీ తీరిక సమయంలో ఇట్టి సంగతులు నాలుగు తెలుగులో వ్రాయండని నా మనవి. నేను వ్రాసినదానిలో పొరపాటు ఉంటే నిర్మొహమాటంగా దిద్దండి. అట్ట మీద వివరం తెలుగులో వచ్చే దాకా, మనం వ్రాసిన ముక్కలే చదివి ఇంటింటా ఎవరో ఒకరు చీటీ వ్రాసి అంటించుకుంటారు. అంతవరకు మందుల అంగడికి వెళ్లే తాతలకు నాదొక్కటే మాట. కళ్లజోడు ఇంట్లో మరచి వెళ్లకండి.